అత్తమ్మ కారుకు కొత్త డ్రైవరు

మా ఇంట్లో ఉన్న కారు మా అత్తమ్మది. రిజిస్ట్రేషన్ ఆమె పేరు మీదే, ఇన్సూరెన్స్ ఆమె పేరు మీదే. తాళం చెవి కూడా మొన్న మొన్నటిదాకా ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉండేది. మావారు ఎప్పుడైనా కారు తీయాలంటే తల్లిని అడిగి తీసుకునేవారు. అడగకుండా తీయడం మా ఇంట్లో లేదు.

అత్తమ్మది మెదక్. మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగారు. నర్సు చదువు చదివి హైదరాబాదు వచ్చి, ప్రభుత్వ దవాఖానలో చేరి, అక్కడే రిటైరయ్యారు. మామయ్య పోయిన తర్వాత, యాభై దాటిన వయసులో, డ్రైవింగ్ స్కూల్లో చేరారట. క్లాసులో మిగతావాళ్లంతా కాలేజీ పిల్లలు. ఆ వయసులో ఎందుకమ్మా అని మావారు అడిగితే, "డ్యూటీ దిగినంక ఆటో కోసం నిలబడి నిలబడి కాళ్లు గుంజుతున్నయి" అన్నారట. ఆ తర్వాత ఆమె కాళ్లు గుంజాయని ఎవరితోనూ అనలేదు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మా నాంపల్లి గల్లీలో ఆమె కారును అందరూ గుర్తుపట్టేవారు. గల్లీలో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరి పిల్లాడు మెట్ల మీంచి పడినా, ముందు మా తలుపే కొట్టేవారు. ఆదివారం చర్చికి పాటలు పాడే ఆడవాళ్లు నలుగురిని ఎక్కించుకునే వెళ్లేవారు. అబిడ్స్ సెంటర్లో బస్సులు, ఆటోలు, అడ్డంగా దూరే స్కూటర్ల మధ్య ఆమె నడిపే తీరు చూస్తే నాకు ముచ్చటేసేది. హారన్ కొట్టేవారు కాదు. ఎవరినీ తిట్టేవారు కాదు. దారి దొరికేదాకా ఆగి, దొరకగానే నిదానంగా కదిలేవారు. ఇన్నేళ్లలో ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఒక్కటీ లేదు. ఆ సంగతి గొప్పగా చెప్పుకోవడం నేనెప్పుడూ వినలేదు గానీ, రెన్యువల్ కాగితం వచ్చినప్పుడు క్లెయిమ్ లేనందుకు ఇచ్చే తగ్గింపు ఉన్న వరస మీద వేలు పెట్టి చదువుకోవడం చూశాను.

మా అమ్మాయికి పద్దెనిమిది నిండగానే లెర్నర్ లైసెన్స్ తీసుకుంటానంది. ఇంట్లో అందరికంటే ముందు సరేనన్నది వాళ్ల నానమ్మే. నేను సహజంగానే అనుకున్నాను, నేర్పేది ఈమేనని. అమ్మాయి కూడా అదే ఆశ పెట్టుకుంది. కానీ అత్తమ్మ ఒప్పుకోలేదు.

"నీ డాడీ దగ్గర నేర్చుకో. నా దగ్గర నేర్చుకుంటే నా లెక్కనే మొండిదానివైతవ్" అన్నారు నవ్వుతూ.

అట్లా తెల్లవారుజామున ఎగ్జిబిషన్ గ్రౌండ్ చుట్టూ ఉన్న రోడ్ల మీద తండ్రీ కూతుళ్ల పాఠాలు మొదలయ్యాయి. మావారు ముందు సీట్లో ఎడమ పక్కన కూర్చునేవారు. అత్తమ్మ వెనక సీట్లో. మొదట్లో రెండు మూడు సార్లు నేనూ వెళ్లాను. మావారికి ఓపిక తక్కువ. "క్లచ్, క్లచ్! నీ కాలు ఎక్కడుంది?" అని గొంతు పెంచేవారు. అమ్మాయి చేతులు బిగుసుకుపోయి బండి ఎగిరెగిరి ఆగిపోయేది. అప్పుడు వెనక నుంచి అత్తమ్మ, "ఆగింది కదా, ఆగనీ. ఇంజన్ మళ్ల స్టార్ట్ అయితది. నువ్వు జర నీళ్లు తాగు" అనేవారు. ఆ మాట మనవరాలికా కొడుక్కా అన్నది ఇద్దరికీ తెలిసేది కాదు. ఇద్దరూ తాగేవారు.

ఆ నెలల్లో కారు నడిపే పని మావారి మీదికి, తర్వాత అమ్మాయి మీదికి వచ్చింది. చర్చికి వెళ్లేటప్పుడు కూడా అత్తమ్మ తాళం చెవి కొడుకు చేతికిచ్చి, "దానికి దారి చూపియ్యి, ట్రాఫిక్ అలవాటు కావాలె" అని తాను వెనక ఎక్కేవారు. పాటల ఆడవాళ్లు ఆమె పక్కన ఇరుక్కుని కూర్చునేవారు. మనవరాలి కోసం సీటు వదులుకున్న నానమ్మ అని మేమంతా అనుకున్నాం. ఆమె మీద నా మనసులో ఉన్న గౌరవానికి అది మరికాస్త తోడైంది. అసలు సంగతి నాకు అప్పటికి తెలియదు.

అమ్మాయి డ్రైవింగ్ టెస్టు మొదటిసారే పాసైంది. పర్మనెంట్ లైసెన్స్ పోస్టులో వచ్చిన వారంలోనే కారు ఇన్సూరెన్స్ రెన్యువల్ కూడా వచ్చింది.

మావారు ఫోన్ తీసి, "ఆన్‌లైన్‌లో కట్టేస్తానమ్మా, రెండు నిమిషాల పని" అన్నారు.

"అమ్మాయి పేరు రాయించాలె కదా" అన్నారు అత్తమ్మ.

"పేరు రాయక్కర్లేదు. లైసెన్స్ ఉంటే చాలు."

"ఎవరు చెప్పిన్రు?"

"అందరికీ తెలిసిందే."

"అందరు చెప్పింది నాకొద్దు. ఆఫీసుకు పోయి అడుగుత" అన్నారు అత్తమ్మ. "రేపు ఏదన్నా అయితే, నువ్వెవరని పిల్లను అడుగుతరు. అందరికీ తెలిసిందే అంటే నడుస్తదా?"

మావారికి సెలవు దొరకలేదు. నాకు హిమాయత్‌నగర్‌లో ట్యూషన్ క్లాసులు సాయంత్రమే కాబట్టి ఉదయం నేను తోడు వెళ్లాను. అమ్మాయే నడిపింది. తండ్రి పక్కన లేకుండా అబిడ్స్ రోడ్డు మీదికి రావడం దానికి అదే మొదటిసారి. అత్తమ్మ ఈసారి ముందు సీట్లో కూర్చున్నారు. ఇంటి నుంచి బ్రాంచి ఆఫీసు దాకా నేను వెనక కూర్చుని, ప్రతి ఆటోకూ ఊపిరి బిగబట్టి, కనపడని బ్రేకు తొక్కుతూనే ఉన్నాను. అత్తమ్మ చేతులు మాత్రం ఒళ్లో హ్యాండ్‌బ్యాగు మీద కదలకుండా ఉన్నాయి.

ఆఫీసు ఒక పాత భవనంలో పై అంతస్తులో ఉంది. రెన్యువల్ కౌంటర్‌లో నా వయసు ఆవిడ ఒకరు కూర్చుని ఉన్నారు. మా ముగ్గురినీ చూసి, రెండు కుర్చీలే ఉంటే పక్క టేబుల్ దగ్గర్నుంచి మూడోది లాగించారు.

అత్తమ్మ పాత పాలసీ, అమ్మాయి లైసెన్స్ బల్ల మీద పెట్టారు. "ఈ అమ్మాయి నా మనవరాలు. ఇకనుంచి ఈమె నడుపుతది. ఈమె పేరు ఎక్కించాలె."

ఆవిడ లైసెన్స్ చూసి అమ్మాయిని చూసి చిరునవ్వు నవ్వారు. "డ్రైవర్ పేరు ఎక్కించేది మన దగ్గర లేదమ్మా. పాలసీ బండికి, మనిషికి కాదు. మీరు ఒప్పుకుని ఇస్తే, సరైన లైసెన్స్ ఉన్న ఎవరు నడిపినా వర్తిస్తుంది."

"అంటే, ఈమె చేతిలో ఏమన్నా అయితే?"

"ఈమె నడిపినా ఒకటే, మీరు నడిపినా ఒకటే. లైసెన్స్ మాత్రం చెల్లుబాటులో ఉండాలి. తాగి నడపకూడదు. కిరాయికి తిప్పకూడదు."

అమ్మాయి నా వైపు తిరిగి గుసగుసగా, "డాడీ చెప్పింది కరెక్టే" అంది. కొంచెం నిరాశగానే అంది. తన పేరు అచ్చులో చూసుకోవాలని దానికి ఉన్నట్టుంది. నేను లేవబోయాను, పని అయిపోయిందనుకుని.

ఆవిడ కంప్యూటర్లో వివరాలు కొడుతూ అడిగారు. "ఓనర్ మీరే కదమ్మా? మీ లైసెన్స్ ఉందా? ఓనరే నడుపుతుంటే ఓనర్ డ్రైవర్ ప్రమాద బీమా అని ఒకటి కలుస్తుంది. ఇన్నేళ్లుగా మీకు ఉంది."

అత్తమ్మ బ్యాగులోంచి తన లైసెన్స్ తీసి ఇచ్చారు. ఆవిడ తేదీ చూశారు. "ఇంకా చెల్లుతుంది. ఉంచేస్తాను."

"వద్దు" అన్నారు అత్తమ్మ. "తీసెయ్యి బిడ్డా. నేను నడుపుతలేను."

ఆవిడ తలెత్తారు. మేమూ చూశాం.

"నాకు పక్క చూపు తగ్గింది" అన్నారు అత్తమ్మ. వార్డులో పేషెంట్ సంగతి డాక్టరుకు చెప్తున్నట్టుగా, అంత మామూలుగా చెప్పారు. "ఎదురుంగ మంచిగనే కనపడ్తది. పక్కలకు సరిగ్గ కనపడ్తలేదు. నీటికాసులంటరు కదా, గదే. మందు వేసుకుంటున్న. ఇంక పోకుండ ఆపుతది గాని పోయింది రాదు. డ్రైవింగ్ బంద్ చేసిన."

"ఎప్పటి నుంచి నానమ్మా?" అంది అమ్మాయి.

"నువ్వు లెర్నర్ లైసెన్స్ తెస్తనన్నవ్ కదా, దానికి కొన్ని దినాల ముందు."

అప్పుడు చెప్పారు మొత్తం. ఒక సాయంత్రం పోస్టాఫీసు దగ్గర ఎడమకు తిరుగుతుంటే, పక్క నుంచి జామకాయల బండి అతను గట్టిగా అరిచాడట. బ్రేకు వేశారు. బండి చక్రానికీ కారుకూ మధ్య చెయ్యి పట్టేంత జాగా. అతనికేమీ కాలేదు. కానీ అతను అరవకపోతే అక్కడ మనిషి ఉన్నాడనే ఆమెకు తెలియదు. ఇంటికొచ్చి ఒక కన్ను మూసి, చెయ్యి పక్కకు చాపి, వేళ్లు ఎప్పుడు కనపడతాయో చూసుకున్నారట. మర్నాడు ఆటోలో కంటి డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లారు. ఆ రోజు నుంచి స్టీరింగ్ ముట్టుకోలేదు. ఆమె కళ్లలో చుక్కల మందు వేసుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. కళ్లు పొడిబారుతున్నాయేమో, వయసు కదా, అనుకున్నాను. అడగలేదు.

ఇప్పుడు నాకు ఒకటొకటిగా అర్థమైంది. నేర్పడానికి తాను ఎందుకు ఒప్పుకోలేదో. మావారినే ముందు సీట్లో ఎందుకు కూర్చోబెట్టారో. నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చునేవాళ్లకు రెండు పక్కలా కనపడాలి కదా.

"మాకు చెప్పొచ్చు కదత్తమ్మా" అన్నాను.

"చెప్తే ఏమైతుండె? మీరు దీన్ని తొందర పెడుతుండె. నానమ్మకు కండ్లు పోతున్నయి, నువ్వు తొందరగ నేర్చుకో అని. నా కోసమని నేర్చుకుంటే భయంతోని నేర్చుకుంటది. దానికి ఇష్టమై అది నేర్చుకోవాలె. ఇప్పుడు నేర్చుకుంది. ఇప్పుడు చెప్తున్న."

కౌంటర్ ఆవిడ కాసేపు కీబోర్డు మీంచి చేతులు తీసేశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "ఈ ఏడాదికి లైసెన్స్ ఉంది కాబట్టి ఆ బీమా ఉంచుకోవచ్చమ్మా. ఎవరూ అడగరు."

"నడపనోళ్లకు డ్రైవర్ బీమా ఎందుకు? తీసెయ్యి."

ఆవిడ తీసేశారు. అత్తమ్మ ఆ తెర మీద వరస మాయమవడాన్ని ముందుకు వంగి చూశారు. ఇన్నేళ్లు ఆమె పేరు ముందు ఉన్న డ్రైవర్ అన్న మాట పోయింది. ఆమె ముఖంలో నాకేమీ కనపడలేదు. బ్యాగు జిప్పు మాత్రం రెండుసార్లు తెరిచి మూశారు.

"అయితే బండి దీని పేరు మీదికే మార్పిస్త. అప్పుడు పేరు వస్తది కదా" అన్నారు హఠాత్తుగా.

"వస్తుంది. కానీ మీ నో క్లెయిమ్ తగ్గింపు అమ్మాయికి రాదమ్మా. అది మీ సొంతం, బండితో పోదు."

"మంచిదే. అది సొంతంగా సంపాదించుకుంటది."

"నాకొద్దు" అంది అమ్మాయి. ముక్కు తుడుచుకుంటూనే గట్టిగా అంది. "బండి నానమ్మదే. నేను డ్రైవర్ని."

"జీతం అడుగుతవా ఏంది?"

"అడగను."

"అయితే సరే."

కౌంటర్ ఆవిడ నవ్వేసి, "పేరు రాయించాలని ఇంత ఇదిగా వచ్చారు కాబట్టి ఒక మాట చెప్తాను" అన్నారు. బండిలో వెళ్లే మనుషుల పేర్లు రాసి, వాళ్లకు ప్రమాదం జరిగితే పరిహారం ఇచ్చే చిన్న బీమా ఒకటి వేరే ఉందట. దానిలో పేర్లు ఎక్కుతాయి. ఎవరిది కావాలంటే వాళ్లది.

"ఇద్దరిదీ రాయి" అన్నారు అత్తమ్మ. "ముందు దానిది."

అట్లా పాలసీలో మా అమ్మాయి పేరు, కింద వాళ్ల నానమ్మ పేరు అచ్చయి వచ్చాయి. అమ్మాయి ఆ కాగితం ఫోటో తీసి తండ్రికి పంపింది. కిందికి దిగేటప్పుడు అది నానమ్మ చెయ్యి పట్టుకోబోతే అత్తమ్మ విదిలించుకున్నారు. "ఎదురుంగ కనపడ్తదని చెప్పిన కదా. మెట్లు ఎదురుంగనే ఉన్నయి."

రాత్రి భోజనాల దగ్గర మావారికి ఆమే చెప్పారు. ఆయన మరోసారి పెద్ద డాక్టరుకు చూపిద్దామన్నారు. చూపించాం కూడా. ఆ డాక్టరూ అదే చెప్పాడు. చుక్కల మందు మానొద్దన్నాడు. ఆమె మానేరకమా?

ఆ తర్వాత ఆదివారాలు అమ్మాయే చర్చికి నడపడం మొదలుపెట్టింది. బండిని తన ఇష్టప్రకారం ఇన్నేళ్లు నడిపిన మనిషి పక్క సీట్లో కూర్చుని నోరు అదుపులో పెట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేను వంటింట్లో ఎవరైనా ఉల్లిపాయ తరుగుతుంటేనే పక్కన నిలబడి ఊరుకోలేను. అత్తమ్మ ఊరుకునేవారు. అడిగితే చెప్పేవారు. "నానమ్మా, ఈ గేర్‌లో బండి ఫ్లైఓవర్ ఎక్కుతుందా?" అంటే, "ఎక్కకుంటే అదే చెప్తది నీకు" అనేవారు. అంతే.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక పాటల ఆడవాళ్లను వాళ్ల వాళ్ల ఇళ్ల దగ్గర దింపి, అబిడ్స్ మీదుగా ఇంటికి వస్తున్నాం. ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. వంగి చూసే జనం సగం రోడ్డు మీదే ఉన్నారు. కుడి పక్క నుంచి బస్సు ఒకటి మా మీదికి ఒరుగుతున్నట్టు వచ్చింది. అమ్మాయి ఎడమకు తిప్పింది. అక్కడ ఒక ఆటో ఆగి ఉంది. టక్‌మని చప్పుడైంది. మా బంపరు మూల తగిలి ఆటో వెనక లైటు అద్దం పగిలి రోడ్డు మీద పడింది.

ఆటో అతను దిగి వచ్చాడు. "ఏందమ్మా, గిట్ల నడిపితే ఎట్ల? ఆగి ఉన్న బండి కనపడలేదా?"

అమ్మాయి స్టీరింగ్ పట్టుకుని బొమ్మలా కూర్చుండిపోయింది. అతను వంగి ఎడమ కిటికీలోంచి అత్తమ్మతో అన్నాడు. "పెద్దమ్మా, పక్కన కూసున్నరు, మీరన్న చెప్పొద్దా?"

నేను వెనక డోరు తెరవబోయాను. అత్తమ్మ వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి నన్ను ఆపారు.

"డ్రైవర్ ఆమె నాయనా" అన్నారు అతనితో. "ఆమెతోని మాట్లాడు."

చుట్టూ హారన్లు. ఎవరో పుస్తకాల దగ్గర్నుంచి లేచి చూస్తున్నారు. అమ్మాయి ఊపిరి పీల్చుకుని, ఇంజన్ ఆపి, అద్దంలో వెనక చూసుకుని దిగింది. పగిలిన అద్దం ముక్కల్ని చూసింది.

"తప్పు నాదే అన్నా" అంది. "బస్సు వస్తోందని పక్కకు జరిపాను. నిన్ను చూసుకోలేదు. ఇన్సూరెన్స్ ఉంది, రాయిస్తాను."

అతని కోపం సగం అక్కడే దిగింది. "గీ అద్దానికి ఇన్సూరెన్సా? కాయితాలు, ఆఫీసులు... ఎన్నిరోజులైతది? గీ లైట్ లేకుంట పొద్దుగూకినంక నేను బండి తియ్యలేను."

"అయితే ఇప్పుడే వేయిస్తాను. షాపు ఎక్కడుంది?"

నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక గల్లీలో ఆదివారం కూడా తెరిచే మెకానిక్ ఉన్నాడట. ఆటో అతను ముందు వెళ్తానన్నాడు, మమ్మల్ని వెనక రమ్మన్నాడు. అమ్మాయి మళ్లీ కూర్చుంది. సీటు బెల్టు కొక్కెం రెండుసార్లు జారింది.

"ఆటో మూడు చక్రాల మీద ఎటైనా దూరిపోతుంది నానమ్మా. నేను తప్పిపోతే పారిపోయాననుకుంటాడు."

"తప్పిపోకు" అన్నారు అత్తమ్మ.

తప్పిపోలేదు. ఆ ఆటో వెనక, పగిలిన లైటు మీదే కళ్లు పెట్టుకుని, అంత రద్దీలో అది బండిని ఎక్కడా ఆగిపోనివ్వకుండా నడిపింది. ఎగ్జిబిషన్ గ్రౌండ్ దగ్గర ఎగిరెగిరి ఆగిన పిల్లేనా ఇది అనిపించింది నాకు. మధ్యలో సిగ్నల్ పడి మేము వెనకబడితే, అవతల పక్కన ఆటో అతనే ఆగి చెయ్యి ఊపాడు.

మెకానిక్ కొత్త అద్దం, లోపల బల్బు కూడా వేశాడు. అమ్మాయి తన పర్సులోంచే ఇచ్చింది. నేను ఇస్తానంటే వినలేదు. అత్తమ్మ కారు దిగలేదు. అద్దం దించి, మోచెయ్యి ఆనించి, అంతా చూస్తూ కూర్చున్నారు.

"జర బ్రేక్ తొక్కమ్మా, వెలుగుతదో లేదో చూస్త" అన్నాడు ఆటో అతను, తాను బండి వెనక నిలబడి. అమ్మాయి మొహమాటపడుతూ ఆటోలో అతని సీట్లో ఎక్కి కూర్చుని, పెడల్ వెతుక్కుని తొక్కింది. ఎర్ర లైటు వెలిగింది.

"ఔ, బ్రేక్ మంచిగనే తొక్కుతున్నవ్ కదా! గాడ ఎందుకు తొక్కలే?"

మెకానిక్ నవ్వాడు. అమ్మాయి కూడా, గంట నుంచి బిగుసుకున్న ముఖం సడలించి, ఏడుపో నవ్వో తెలియనట్టు నవ్వింది. కారులోంచి అత్తమ్మ నవ్వు అందరికంటే గట్టిగా వినిపించింది. ఆమె అట్లా పగలబడి నవ్వడం నేను చాలా రోజుల తర్వాత విన్నాను. ఆటో అతను వెళ్లిపోతూ ఆమెకు చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు.

అమ్మాయి వచ్చి కూర్చుని, "ఇంటికెళ్లి డాడీకి నువ్వే చెప్పు నానమ్మా" అంది.

"నాకేం తెల్సు? నేను ప్యాసింజర్‌ను" అన్నారు అత్తమ్మ, సీటు వెనక్కి జరుపుకుని. "ఆకలైతుంది, నడుపు."